ర్జున పోయింది, మల్లిక మిగిలింది

ఈ సంగతి ఇప్పుడే రాసెయ్యాలి. ఇంకో రెండు రోజులాగితే మా ఫ్రెండు జిరాక్స్‌గాడు చెప్పే కథే నిజమైపోతుంది. వాడి కథలో నేను గాజులు కూడా తొడుక్కున్నాను. తొడుక్కోలేదు.

నా వివరాలు గబగబా చెప్పేస్తాను. మాది మార్కాపురం, పలకలకు పేరున్న ఊరు. ఊరికి దూరంగా హాస్టల్లో ఉంటూ సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) మూడో సంవత్సరం చదువుతున్నాను. పేరు వెంకట సత్య మల్లికార్జున. వెంకట మా నాయనమ్మ తిరుపతి మొక్కు, సత్య మా అమ్మమ్మ అన్నవరం మొక్కు, మల్లికార్జున మా నాన్న శ్రీశైలం మొక్కు. ఏ ఒక్కటి తీసేసినా ఇంట్లో ఎవరో ఒకరు అన్నం మానేస్తారని మూడూ ఉంచేశారు. వీటికి ముందు ఇంటిపేరు. అది ఇక్కడ రాయను, మా నాన్న ఇలాంటివి చదువుతారు. ఇంగ్లీషులో రాస్తే దానికి ఎనిమిది అక్షరాలని మాత్రం చెబుతాను. ఆ ఎనిమిదే నా కొంప ముంచాయి.

కాలేజీ పోర్టల్లో పేరు గడికి 30 అక్షరాలే పడతాయి, మధ్యలో ఖాళీలతో సహా. నా పేరు 35. ఇంటిపేరు, వెంకట, సత్య, వాటి వెనక ఖాళీలు అన్నీ కలిసి 23 తినేశాయి. మిగిలిన ఏడు గడుల్లో 'మల్లిక' కూర్చుంది. 'ర్జున' నిలబడ్డానికి కూడా చోటు దొరకని జనరల్ బోగీ ప్రయాణికుడిలా బయటే ఉండిపోయాడు. తెలుగులో రాస్తే మల్లికార్జున అయిదే అయిదు అక్షరాలు. కానీ మన పేర్లు మన అక్షరాల్లో ఎవడు అడుగుతాడు?

మా ఊళ్ళో ఒకటో తరగతి పిల్లాడికి పలకిచ్చి పేరు రాయమంటే, అంచు దాకా వచ్చి చోటు చాలకపోతే కింద ఇంకో వరుసలో రాస్తాడు. ఆ పాటి బుద్ధి లక్షలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్‌కు లేదు. గడి కంటే పొడవైన పేరొస్తే బుద్ధున్న డేటాబేస్ (వివరాలు దాచే సాఫ్ట్‌వేర్) 'పట్టదు' అని అక్కడే ఆపేస్తుంది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో అయితే 5.7 వెర్షన్ నుంచి, అంటే 2015 నుంచి, మనం కావాలని మారిస్తే తప్ప అదే పద్ధతి. అంతకుముందు మామూలుగా ఒక వార్నింగు గొణిగి, పట్టినంత ఉంచుకుని, మిగతాది కోసి పారేసేది. మా కాలేజీది ఏ కాలం నాటిదో తెలియదు గానీ ఆ గొణుగుడు మాత్రం ఎవరి చెవినా పడలేదు. సరిచెయ్యడానికి ఒక్క లైను చాలు. 30 ఉన్నచోట 60 అని కొట్టడమే. ఆ లైను నేను డీబీఎంఎస్ (డేటాబేస్‌ల సబ్జెక్టు) పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఫస్టియర్లోనే ఎగ్జామ్ సెక్షన్‌కు వెళ్ళి, "సార్, నా పేరు సగంలో తెగిపోయింది" అని చెప్పుకున్నాను. కిటికీ వెనక సారు తలెత్తకుండానే, "టెన్త్ మెమో, ఇంటర్ మెమో, ఆధార్ జిరాక్స్, వంద రూపాయల స్టాంపు పేపరు మీద అఫిడవిట్, నోటరీ" అని సుప్రభాతంలా చదివారు. పేరు మార్చమనలేదు సార్, ఉన్న పేరే పూర్తిగా రాయమన్నాను అంటే, "రెండూ ఒకటే ఫారమ్" అన్నారు. అక్కడికి ఆ ఉద్యమం ముగిసింది. హాజరు పట్టీ వచ్చిన మొదటి రోజున మేడమ్ "మల్లికా" అని పిలిచారు, నేను "ప్రెజెంట్ మేడమ్" అన్నాను. ఆ రోజు నుంచి నేను మల్లికనే. క్యాంటీన్ అన్న కూడా "మల్లికకు ఒక టీ" అంటాడు.

మా ఫ్రెండ్స్‌లో మిగతా ముగ్గురి పేర్లూ అంతే. ఒకడు జిరాక్స్. ల్యాబ్ రికార్డు సొంతంగా ఎప్పుడూ రాయలేదు, ఒకసారి నా రికార్డుతోపాటు నా రోల్ నంబరు కూడా ఎక్కించుకుపోయాడు. ఇంకొకడు బఫరింగ్. సోమవారం అడిగితే బుధవారం జవాబు చెబుతాడు. మూడోవాడు అడ్మిన్. మా వాట్సాప్ గ్రూపు వాడే పెట్టాడు, అంతకుమించి జీవితంలో ఏమీ పెట్టలేదు, టీ డబ్బులు కూడా.

ఇక అసలు కథ. మహిళా దినోత్సవానికి ముందురోజు రాత్రి జిరాక్స్ నా గదికొచ్చి, "మామా, రేపు సెమినార్ హాల్లో సబ్జెక్ట్ టాపర్లకు సన్మానమంట. డీబీఎంఎస్‌కు నీ పేరుంది. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకో" అన్నాడు. బోర్డు మీద పేరు చూశానన్నాడు. ఆ బోర్డు మీద పైన ఏం రాసుందో చెప్పలేదు. బఫరింగ్ ఏదో చెప్పబోయాడు గానీ, వాడి సంగతి తెలుసుగా, నేను ఇస్త్రీకి వెళ్ళిపోయాను.

హాల్లోకి వెళ్ళాక ముందు వరుసలో అందరూ అమ్మాయిలే. అనుమానం రావాలి కదా? రాలేదు. పైగా, అబ్బాయిల్లో నేనొక్కణ్ణే టాపర్ననుకుని కాస్త నిటారుగా కూర్చున్నాను. మైకు మేడమ్ ఒక్కొక్కరినీ పిలుస్తున్నారు. నా వంతు వచ్చింది. "కుమారి వెంకట సత్య మల్లిక!" మా హాల్లో స్పీకర్లు కుక్కర్ విజిల్లా కూస్తాయి. అందులో 'కుమారి' నాకు 'కుమార్' అని వినబడింది. ఒట్టు. లేచి, చొక్కా సర్దుకుని, వేదిక మీద వరుసలో ఎనిమిదోవాణ్ణిగా నిలబడ్డాను. వెనక బెంచీల్లోంచి ఈల పడింది. అభిమానమనుకున్నాను.

ముఖ్య అతిథి పెద్దావిడ. చాలా మర్యాదస్తురాలు, ఆవిడ మీద నాకే కోపమూ లేదు. పక్కన ఒక మేడమ్ పళ్ళెం పట్టుకుని నడుస్తున్నారు. పళ్ళెంలో పసుపు, కుంకుమ, గంధం, మల్లెపూల మూరలు. (మల్లెపూలతో పూజలందుకున్నాడు కాబట్టే శ్రీశైలం స్వామికి మల్లికార్జునుడని పేరొచ్చిందంటారు. ఆ పూలు ఇలా నా దాకా వస్తాయని మా నాన్న మొక్కుకున్నప్పుడు అనుకుని ఉండరు.) పెద్దావిడ ఒక్కొక్క అమ్మాయికీ బొట్టు పెట్టి, పూలిచ్చి, "శీఘ్రమేవ కల్యాణ ప్రాప్తిరస్తు" అని దీవిస్తూ వస్తున్నారు. ప్లేస్‌మెంట్ కోసం చస్తున్న ఫైనలియర్ అక్కలు ఆ దీవెనకు పెట్టిన ముఖాలు ఇంకో వ్యాసానికి సరిపోతాయి.

ఆవిడ బొట్టు పెడుతూనే ఇటు తిరిగి ప్రిన్సిపాల్ గారితో వాళ్ళ మనవడి సీటు సంగతి మాట్లాడుతున్నారు. ఏడుగురికి పెట్టేసరికి చెయ్యి అలవాటు పడిపోయింది. చూడక్కర్లేదు. వేలు కుంకుమలో ముంచడం, ఒకే ఎత్తుకు లేపడం, పెట్టడం. నా ముందున్న ఏడో అమ్మాయి నా కళ్ళ దాకా ఉంటుంది. ఆ అమ్మాయి నుదురున్న ఎత్తులో నాకుండేది మీసం.

బొట్టు మీసం మీద పడింది.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే అక్కడ అందరూ ఆగారు. ఆవిడ వేలు ఆగింది. నుదురు అనుకున్నచోట ఏదో గరుగ్గా తగిలినట్టుంది, వేలు అక్కడే ఉంచి ఒకసారి అటూ ఇటూ కదిపి చూసుకున్నారు. తర్వాత మెల్లగా తల తిప్పి, నా చొక్కా జేబు, గొంతు, మీసం, ఆ క్రమంలో పైకి చూశారు. పళ్ళెం మేడమ్ నోరు తెరుచుకుంది. మూర పట్టుకున్న చెయ్యి అప్పటికే నా జడ కోసం వెతుకుతూ చెవి దాకా వచ్చి ఉంది. నాకు తుమ్ము రాబోతోంది, కుంకుమ ముక్కుకు ఆనుకునే ఉంది మరి. తుమ్మితే ఆవిడ పట్టుచీర పాడవుతుందని ఊపిరి బిగబట్టాను. ఆ ఊపిరి బిగబట్టిన ముఖం చూసి ఆవిడ నేను ఏడుస్తున్నాననుకున్నారు.

పాపం, ఆవిడే తేరుకున్నారు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకోవడం బాగుండదనుకున్నారేమో, నుదుటి మీద ఇంకోటి సరిగ్గా పెట్టి, తల మీద చెయ్యి వేసి, అలవాటుగా "శీఘ్రమేవ..." అన్నారు. అక్కడ గొంతు ఆగిపోయింది. తర్వాతి మాట రాలేదు. పేరు తెగిందంటే పోర్టల్ తప్పు అనుకున్నాను, దీవెన కూడా తెగింది. నాకు శీఘ్రంగా ఏం కావాలో ఇంతవరకు తేలలేదు.

కిందికి ఎలా దిగానో గుర్తులేదు. వీడియోలో ఉందట, నేను చూడలేదు. అడ్మిన్ దాన్ని గ్రూపులో పిన్ చేశాడు. హాస్టల్ మెట్ల దగ్గర బఫరింగ్ ఎదురొచ్చి, "మామా, అది అమ్మాయిల సన్మానం రా" అన్నాడు.

నిన్న ఎగ్జామ్ సెక్షన్‌కు మళ్ళీ వెళ్ళాను. అదే కిటికీ, అదే సారు. జాబితా పోర్టల్లోంచి పేర్లు చూసి తయారు చేశామన్నారు. పేరు పక్కనే లింగం అని ఇంకో గడి ఉంది కదా సార్, అందులో పురుషుడనే ఉంది కదా అన్నాను. "అన్నీ ఎవరు చూస్తారయ్యా" అన్నారు. శ్రీశైలం వెళ్ళి లింగాన్ని చూడకుండా తిరిగొచ్చేవాళ్ళను ఏమంటాం? సరే, కనీసం ఈ ప్రశంసాపత్రం మీదైనా 'కుమారి' కొట్టేసి పూర్తి పేరు వెయ్యండి సార్ అన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఒకసారి ఇష్యూ అయితే మార్పు ఉండదు. కావాలంటే..." అని డ్రాయర్ తెరిచారు. అదే ఫారమ్. అదే వంద రూపాయల స్టాంపు పేపరు.

సన్మానం సంచి ఇంకా నా మంచం కింద ఉంది. ఒక రవిక గుడ్డ, కుంకుమ భరిణె, డజను ఎర్ర గాజులు. జరిగింది దాచుదామనుకున్నాను గానీ వీడియో అప్పటికే మార్కాపురం చేరింది. రాత్రి అమ్మ ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను.

"గాజులు ఏ సైజురా?"

"2.6 అమ్మా."

"నాకు 2.4 రా. ఊరికే తెచ్చేస్తావేమో, మీ ఆఫీసులో అడిగి మార్పించుకు రా."