క్రీడాస్ఫూర్తి ఎప్పుడూ అవతలి జట్టు బాధ్యతే

క్రీడాస్ఫూర్తి అంటే ఏమిటని కుర్రాళ్లు అడుగుతుంటారు. చాలా తేలిక. మనం ఓడిన మ్యాచ్‌లో అవతలివాళ్లకు లేనిదే క్రీడాస్ఫూర్తి. గెలిచిన మ్యాచ్‌లో దాని ఊసే రాదు.

2022 సెప్టెంబరులో లార్డ్స్‌లో బౌలర్ వైపు చివర నిలబడ్డ ఇంగ్లండ్ బ్యాటర్ చార్లీ డీన్ బంతి వేయకముందే క్రీజు దాటితే, మన బౌలర్ దీప్తి శర్మ వికెట్లు పడగొట్టింది. స్ఫూర్తి మంటగలిసిందని ఇంగ్లండ్ వాళ్లు గగ్గోలు పెట్టారు. ఆ రాత్రే నేను క్రికెట్ నియమావళి తెరిచాను, జీవితంలో మొదటిసారి. రూల్ అంటే రూలే! అదే పని అవతలి బౌలర్ మనవాళ్లకు చేసి ఉంటే పుస్తకం జోలికే వెళ్లేవాణ్ని కాదు. రూల్ ఉంటే సరిపోతుందా, మనసుండక్కర్లేదూ?

అసలు ఈ రనౌట్‌కు ‘మన్కడింగ్’ అంటూ మన వినూ మన్కడ్ పేరు తగిలించడమే విడ్డూరం. 1947లో సిడ్నీ టెస్టులో ఆయన బిల్ బ్రౌన్‌ను ఇలా ఔట్ చేస్తే, అవతలి కెప్టెన్ బ్రాడ్‌మనే తప్పు లేదన్నాడు. అయినా గీత దాటినవాణ్ని వదిలేసి, పట్టుకున్నవాడి పేరు పెట్టారు. దొంగతనానికి పోలీసు పేరు పెట్టినట్టు.

ఇక 2023 జులై, మళ్లీ లార్డ్స్. ఆస్ట్రేలియాతో టెస్టులో ఇంగ్లండ్ బ్యాటర్ బెయిర్‌స్టో బౌన్సర్ కింద వంగి, ఓవర్ అయిపోయిందనుకుని షికారుకు బయల్దేరాడు. ఆస్ట్రేలియా కీపర్ కేరీ బంతి విసిరాడు, స్టంపౌట్. క్రికెట్ చట్టాలు రాసే క్లబ్ ఎంసీసీ. ఆ క్లబ్ సభ్యులే, లార్డ్స్‌లో ఆటగాళ్లు నడిచి వెళ్లే తమ సొంత హాలు లాంగ్‌రూమ్‌లో, తమ చట్టం ప్రకారం ఔట్ చేసినవాళ్లను తిట్టిపోశారు. ముగ్గుర్ని సస్పెండ్ చేయాల్సి వచ్చింది పాపం.

తర్వాత బ్యాటింగ్‌కు వచ్చిన ఇంగ్లండ్ బౌలర్ బ్రాడ్, నువ్వు దీనితోనే జనానికి గుర్తుంటావని కేరీకి హితబోధ చేశాడు. బ్యాట్ అంచుకు తగిలిన బంతి స్లిప్‌లో ఆస్ట్రేలియా కెప్టెన్ క్లార్క్ చేతిలో పడ్డా, అంపైర్ వేలెత్తలేదని 2013లో ట్రెంట్ బ్రిడ్జ్‌లో కదలకుండా నిలబడ్డది ఈ బ్రాడే. ఇంగ్లండ్ కోచ్ మెకల్లమ్‌కైతే ఇప్పట్లో ఆస్ట్రేలియా వాళ్లతో కూర్చుని బీరు తాగబుద్ధి కాలేదట. 2006లో క్రైస్ట్‌చర్చ్‌లో సంగక్కర సెంచరీకి అభినందనలు చెప్పడానికి క్రీజు వదిలిన శ్రీలంక ఆటగాడు మురళీధరన్‌ను రనౌట్ చేసిన న్యూజిలాండ్ కీపర్ ఎవరనుకున్నారు? ఆయనే. పదేళ్లకు పశ్చాత్తాపపడ్డాడు లెండి, అది వేరే సంగతి.

రూల్ ప్రకారమే చేశామన్న ఆస్ట్రేలియా మాట మాత్రం నిజం. 1981లో చివరి బంతికి న్యూజిలాండ్‌కు సిక్స్ కావాల్సి వస్తే, ఆస్ట్రేలియా కెప్టెన్, అన్న గ్రెగ్ చాపెల్ చెప్పగా తమ్ముడు ట్రెవర్ బంతిని నేలమీద దొర్లించాడు. అప్పటికి అదీ రూల్ ప్రకారమే.

మనవాళ్లు మంచికి పోయిన సందర్భాలూ ఉన్నాయి. 1980లో బొంబాయిలో మన కెప్టెన్ విశ్వనాథ్, అంపైర్ ఔటిచ్చిన ఇంగ్లండ్ బ్యాటర్ బాబ్ టేలర్‌ను వెనక్కి పిలిచాడు. టేలర్ వచ్చి బోథమ్‌తో 171 పరుగులు జోడించాడు, మనం పది వికెట్ల తేడాతో ఓడిపోయాం. 2011లో ధోని, రనౌటైన ఇంగ్లండ్ బ్యాటర్ ఇయాన్ బెల్‌ను వెనక్కి పిలిచాడు. క్రీడాస్ఫూర్తి అవార్డొచ్చింది. మ్యాచ్ 319 పరుగుల తేడాతో పోయింది.

బెయిర్‌స్టో ఔటైన రోజు మాత్రం నాకు ఒకటే టెన్షన్. ఇద్దరూ పరాయివాళ్లే. చట్టం వైపు నిలబడాలా, స్ఫూర్తి వైపా? చివరికి టెస్ట్ చాంపియన్‌షిప్ పట్టిక ముందేసుకుని, ఎవరు ఓడితే మనకు లాభమో లెక్క కట్టాను. అంతరాత్మ వెంటనే మాట్లాడింది.