తేడా శిక్షలో కాదు, పరిహారంలో

ఖురాన్ 2:178లో 'స్త్రీకి బదులు స్త్రీ' అని ఉంది కాబట్టి, ఆడమనిషిని చంపిన మగాడికి ఇస్లాంలో మరణశిక్ష ఉండదని మీ వ్యాసంలో రాశారు. అది తప్పండి. మదీనాలో ఒక అమ్మాయి తలను రాళ్ల మధ్య నలగ్గొట్టి చంపినవాడికి ప్రవక్త మరణశిక్షే వేయించారని బుఖారీ హదీసుల్లో, అంటే ప్రవక్త మాటలు, చేతల సంకలనంలో, ఉంది. నాలుగు సున్నీ న్యాయశాఖలూ ఖురాన్ 5:45లోని 'ప్రాణానికి ప్రాణం' స్త్రీకీ వర్తిస్తుందనే అంటాయి.

అన్యాయం ఉన్నది దియా దగ్గర, అంటే చనిపోయినవాళ్ల కుటుంబానికి హంతకుడి పక్షం ఇచ్చే రక్తపరిహారం దగ్గర. సంప్రదాయ ఫిఖ్‌లో, అంటే ఇస్లామిక్ న్యాయశాస్త్రంలో, పురుషుడికి వచ్చేదానిలో స్త్రీకి సగమే. ఇరాన్ చట్టం ఇంకా ఘోరం. ఆడపిల్లను చంపిన మగవాడికి మరణశిక్ష కావాలంటే, సాధారణంగా ఆమె కుటుంబమే ముందు సగం దియా అతని పక్షానికి కట్టాలి! కూతుర్ని పోగొట్టుకున్నవాళ్లు న్యాయం కోసం హంతకుడి వైపు డబ్బివ్వడమేమిటి? దయచేసి దీని గురించి రాయండి.