ఆరో క్లాసు క్లారినెట్‌కి పంచవర్ష ప్రణాళిక

టెక్సస్ మిడిల్ స్కూళ్ళ బ్యాండ్ టీచర్ల మీద తెలుగు తల్లిదండ్రుల తరఫున ఒక ఫిర్యాదు రాయక తప్పడం లేదు. పిల్లాడు ఆరో క్లాసులో బ్యాండ్‌లో చేరగానే నెలనెలా అద్దె కట్టి క్లారినెట్ తెస్తాం కదా, తీరా చూస్తే మొదట్లో వారాల తరబడి ఆ పెట్టెలోంచి బయటికొచ్చేవి మౌత్‌పీసూ, దాని కింద ఉండే బ్యారెల్ అనే చిన్న గొట్టం ముక్కా, అంతే. ఆ రెండూ కలిపి ఊదితే వచ్చేది ఒక్కటే స్వరం, ఎఫ్ షార్ప్. దాన్నే, తాళం కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దెబ్బల్లో పెట్టుకుని, ఎనిమిది లెక్కలపాటు వణక్కుండా నిలబెట్టమంటారు. మరి మిగతా మూడు ముక్కలకీ మేం అద్దె ఎందుకు కడుతున్నట్టు?

గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మగారు రెండు సాయంత్రాలు ఓపిగ్గా విని, మూడో రోజు అడిగేశారు.

"ఏరా కన్నా, పాటెప్పుడు మొదలవుతుంది?"

"ఇదే హోంవర్క్ అమ్మమ్మా."

ఆవిడ ఇంకేం మాట్లాడలేదు, టీవీ సౌండ్ పెంచారు.

పోనీ లక్ష్యాలైనా గట్టివి పెట్టిస్తారా అంటే, పిల్లాడు క్లాసులో రాసుకొచ్చిన కాగితంలో ఏముందనుకున్నారు? 'ఊపిరి తీసేటప్పుడు భుజాలు పైకి లేపకూడదు. బుగ్గలు ఉబ్బకూడదు.' ఇవి లక్ష్యాలా, ఫొటో స్టూడియోలో చెప్పే జాగ్రత్తలా? మేం ఇంట్లో ఎక్సెల్ షీట్‌లో వేసిన ప్రణాళిక చూడండి: దసరాకి ఫస్ట్ చైర్, అంటే బ్యాండ్‌లోని క్లారినెట్లలో మొదటి స్థానం, సంక్రాంతికి ఆల్-రీజియన్, అంటే ఆ ప్రాంతం స్కూళ్ళన్నిటి నుంచీ ఏరిన బ్యాండ్, వేసవికల్లా రాష్ట్రం మొత్తం మీద ఏరే ఆల్-స్టేట్. ఆల్-స్టేట్ హైస్కూలు పిల్లలకే అని టీచరు మర్యాదగానే చెప్పారు. మనవాళ్ళు ఆరో క్లాసులోనే ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్పించేస్తారన్న సంగతి పాపం ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

మన సంగీతంలో కూడా సరళీ స్వరాలు మాయామాళవగౌళలో మూడు కాలాల్లోనూ నెలల తరబడి పాడిస్తారు కదా అని కొందరు అడ్డం వస్తారు. పాడిస్తారు, కాదనం. జంట స్వరాల దాకా వెళ్ళి మానేసిన వాళ్ళం కాబట్టే ఆ పద్ధతి పనికిరాదని ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాం.

ఇక టెక్సస్ స్కూళ్ళకి జరిగే యూఐఎల్ పోటీల సంగతి. అక్కడ జడ్జీలు ప్రతి బ్యాండుకీ 1 నుంచి 5 దాకా రేటింగ్ ఇస్తారు, 1 అన్నిటికంటే గొప్పది. ఇంతవరకూ సంతోషమే, కానీ బాగా వాయించిన బ్యాండ్లన్నిటికీ 1 ఇచ్చేయొచ్చట! పక్కవాడికి కూడా వచ్చే ఒకటో ర్యాంకుని పెట్టుకుని ఫోన్‌లో చెల్లెలికి ఏం చెప్పుకోవాలి? ఎంసెట్ రాసొచ్చిన వాళ్ళని ఇంతకంటే అవమానించడం కష్టం. ఆల్-రీజియన్ ఆడిషన్ ఇంకా అన్యాయం, తెర వెనక వాయించాలి, లోపల ఎవరి పిల్లాడున్నాడో జడ్జీకి తెలిసే అవకాశమే లేదు.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఆ యూఐఎల్‌లోనే ఉండే సైట్ రీడింగ్. ముందెప్పుడూ చూడని నోట్స్ ముందు పెడతారు, కొద్ది నిమిషాలు టీచరు వివరిస్తారు, అంతసేపూ ఎవరూ వాద్యం ఊదకూడదు, పిల్లలు కీల మీద వేళ్ళు ఆడిస్తూ నోటితో పాడుకోవచ్చు, ఆ తర్వాత అందరూ కలిసి వాయించెయ్యాలి. దీనికి మోడల్ పేపర్లు లేవు, ఇంపార్టెంట్ క్వశ్చన్లు లేవు. స్కేళ్ళు, అంటే స్వర వరుసలు, వేళ్ళకి పట్టేసిన పిల్లలే, ఆ భుజాలు లేపని బ్యాచ్, అదేదో రోజూ చేసే పనిలా వాయించుకుని వెళ్ళిపోతున్నారు. పునాది వేసుకున్న వాళ్ళకి మాత్రమే పనికొచ్చే ఈ పరీక్షలో మిగతా పిల్లలకి సమాన అవకాశం ఎక్కడుంది?

అందుకని మా డిమాండు ఒక్కటే, సైట్ రీడింగ్ నోట్స్ నెల ముందు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. పీడీఎఫ్ వచ్చిందంటే చాలు, మిగతాది మేం చూసుకుంటాం.