ర్యాంపు సిగ్నల్ పగ్గాలు వైఫైకా, వైరుకా?

అనంతపురంలో ఒక అపార్ట్‌మెంటు. సెల్లార్లోకి 30 మీటర్ల ర్యాంపు, ఒక్క కారు పట్టేంత వెడల్పు. పైన ఒకటి, కింద ఒకటి సిగ్నల్ పెట్టాలి, ఫోన్ నుంచీ నడవాలి. చేతిలో ఉన్నవి 12 ఓల్టుల ఎరుపు, పచ్చ ఎల్‌ఈడీ దీపాలు రెండు జతలు, వైఫై ఉన్న చిన్న కంట్రోలర్లు ఈఎస్‌పీ8266 బోర్డులు. షరీఫ్‌ది నెట్‌వర్క్ పక్షం, ఓబులేసుది వైరు పక్షం.

షరీఫ్: రెండు చోట్లా ఒక్కో బోర్డు పెడదామన్నా. వైఫైలో ఎంక్యూటీటీతో, అంటే బ్రోకర్ అనే మధ్యవర్తి ప్రోగ్రాము ద్వారా కబుర్లు పంపుకునే పద్ధతితో మాట్లాడుకుంటాయి. కేబుల్ లాగే పనే లేదు.

ఓబులేసు: కింద వైఫై యాడ అందుతుందప్పా? మీద స్లాబు, స్లాబు నిండా కమ్ములు. లింకు తెగినప్పుడు కింద పచ్చ వెలుగుతుంటే అట్లనే నిలిచిపోతుంది.

షరీఫ్: దానికే 'లాస్ట్ విల్' ఉంది. బోర్డు పలకకుంటే బ్రోకరే అందరికీ చెప్తుంది.

ఓబులేసు: ఎంతసేపటికి? కీప్‌అలైవ్, అంటే 'బతికే ఉన్నా' అని బోర్డు చెప్పాల్సిన గడువు, 15 సెకన్లు పెడితే దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 22 సెకన్లు దాటాక. ఆ లోపల కారు ర్యాంపు దిగేసుంటుంది. అదీ మిగతావాళ్లకు కబురే గానీ, తెగిపోయిన చోట పచ్చను ఆర్పదు.

షరీఫ్: సరే, ఒక్క బోర్డే పెట్టి వైరు లాగుదాం. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగైతే పోనూ రానూ ఒక ఓమ్ పైన, ఆంపియర్‌కు ఓల్టు పైచిలుకు పోతుంది, పర్వాలేదు. మిగతాది కోడ్ చూసుకుంటుంది.

ఓబులేసు: రెండు పచ్చలు ఒకేసారి రాకుండా ఆపేది కోడ్‌కు వదలకూడదు. 12 ఓల్టుల కాయిల్ రిలేలు, అంటే కాయిల్‌కు కరెంటిస్తే మారే స్విచ్చులు, రెండు తీసుకో. కామన్‌కు 12 ఓల్టులు, కాయిల్ ఆగున్నప్పుడు కామన్‌తో కలిసుండే ఎన్‌సీకి ఎరుపు, కాయిల్ పనిచేస్తే కలిసే ఎన్‌ఓకి పచ్చ. బోర్డుకు పవర్ పోయినా ఎరుపే వెలుగుతుంది. ఇప్పుడు పై రిలే కాయిల్ ప్లస్ కింది ఎరుపు తీగ నుంచి ఇయ్యి, కింది కాయిల్ ప్లస్ పై ఎరుపు తీగ నుంచి. అవతల ఎరుపు ఉంటేనే ఇవతల పచ్చ. మైనస్‌లు, బోర్డు మాటకు కాయిల్‌ను నడిపే యూఎల్‌ఎన్2003 చిప్పు గుండా. ఒక్కో కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడు, గీత ఉన్న కొస ప్లస్ వైపు. అది లేకుంటే కాయిల్ ఆగేటప్పుడు పుట్టే ఎదురు ఓల్టేజీకి యూఎల్‌ఎన్2003 దెబ్బతినొచ్చు.

షరీఫ్: ఇది నాకూ నచ్చింది. రిలేలకు బోర్డు పిన్నులు డీ1, డీ2. డీ3, డీ4 వాడితే ఆన్ కాగానే హై అయి పచ్చ ఒకసారి మెరుస్తుంది. కానీ టైమింగ్ మార్చాలంటే ప్రతిసారీ నిచ్చెనెక్కి బాక్సు విప్పాల్నా?

ఓబులేసు: నెట్‌వర్క్ వద్దనలేదప్పా. ఫోన్ అడగనీ, బోర్డు తేల్చనీ. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో 30 మీటర్లకు 11 సెకన్లు పడుతుంది. రెండువైపులా ఎరుపు 15 సెకన్లు ఉన్నాకే పచ్చ, ఫోన్ ఎంత తొందరపెట్టినా సరే.

షరీఫ్: ఆదేశాలకు రిటెయిన్, అంటే చివరి కబురును బ్రోకర్ దాచిపెట్టుకోవడం, పెట్టను. పెడితే రూటర్ ఆగి వచ్చిన ప్రతిసారీ పాత 'పచ్చ' మళ్లీ వచ్చి పడుతుంది. ఇంతకీ నీ వైరింగులో ఎరుపు దీపమే మాడిపోతే? తీగలో 12 ఓల్టులు ఉంటాయి, అవతల పచ్చ హాయిగా వస్తుంది, ఇవతల చీకటి.

ఓబులేసు: అది నిజమే. రిలేకు ఆ సంగతి తెలీదు.

షరీఫ్: ఒక్కో ఎరుపుకు సిరీస్‌లో కరెంటు కొలిచే ఐఎన్‌ఏ219 సెన్సరు పెడతా, ఏది ఏదో బోర్డుకు తెలిసేలా అడ్రసులు 0x40, 0x41, తీగలు డీ5, డీ6కు. ఎరుపు వెలగాల్సినప్పుడు కరెంటు సున్నా అయితే అవతల పచ్చ ఇవ్వదు, ఫోన్‌కు వెంటనే కబురొస్తుంది.

ఓబులేసు: పెట్టు. కాయిల్ తీగను మాత్రం సెన్సరుకు ముందే చీల్చు. తర్వాత చీలిస్తే, దీపం మాడినా కాయిల్ కరెంటు చూసి బాగుందనుకుంటుంది.