ఆరు నెలల్లో ఆ నాలుగు రోజులు

హన్మకొండలో పొద్దున ఐదున్నరకు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు వాకింగ్‌కు పోతే అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు చాలామంది కలుస్తారు. ఒకరు మొన్ననే డాలస్ నుంచి దిగి ఉంటారు. ఇంకొకరు వచ్చే నెల న్యూజెర్సీ పోతుంటారు. "ఎట్లుండె వదినా?" అని అడిగితే మనవల ముచ్చట, ఇల్లు ముచ్చట, రోడ్ల ముచ్చట అన్నీ అయ్యాక, చివరికి గొంతు తగ్గించి ఒక మాట చెప్తారు: "అంతా మంచిగనే ఉండె. కాళ్ళు కట్టేసినట్టు ఉండె, గంతే."

ఆ మాట నాకు బాగా అర్థమవుతుంది. నేనూ మా సారూ మూడుసార్లు పోయొచ్చాం. నేను సోషల్ టీచర్‌గా రిటైరయ్యాను, ఆయన కరెంటు డిపార్ట్‌మెంటులో చేశారు. ఇక్కడ కొత్తిమీర అయిపోతే సంచి పట్టుకుని కుమార్‌పల్లి మార్కెట్‌కు పోతాను. బుద్ధి పుడితే ఆటో ఎక్కి భద్రకాళి గుడికి పోతాను. అక్కడ కొత్తిమీర కావాలన్నా కొడుకు కారు తీయాలి. "వీకెండ్ దాకా ఆగమ్మా" అంటాడు. వాడి తప్పేం లేదు, వాడి పని అట్లాంటిది. కోడలు కూడా ఏ లోటూ రానియ్యలేదు. అయినా ప్రతి చిన్నదానికీ ఇంకొకరిని అడగాలంటే మనిషి లోపల చిన్నబోతాడు. పొద్దున ఐదింటికి మెలకువ వస్తే తలుపు తీయడానికి లేదు, అలారం మోగి ఇల్లంతా లేస్తుంది. చప్పుడు కాకుండా వంటింట్లో స్టూలు మీద కూర్చుని తెల్లారే దాకా ఎదురు చూసిన రోజులు ఎన్నో.

మూడోసారి పోయినప్పుడు కొడుకు క్రూజ్, అంటే ఓడ మీద విహారం పోదాం అన్నాడు. అందరికంటే ముందు వద్దన్నది నేనే. "నీళ్ళ మీద నాలుగు రోజులేంది కొడుకా, ఆ పైసలతోని టికెట్ కొనిస్తే ఒక నెల ముందే ఇంటికి పోతం" అన్నాను. మా సారు నావైపు చూసి, "లక్నవరంల అర్ధగంట పడవ ఎక్కితెనే నీకు తల తిరిగె" అన్నారు. మొదటి రెండుసార్లు వాడు మమ్మల్ని నయాగరా, వాషింగ్టన్, న్యూయార్క్ అన్నీ తిప్పాడు. కారులో పది గంటలు కూర్చోవడం, దిగి ఫొటో దిగడం, మళ్ళీ ఎక్కడం. నా మోకాళ్ళకు ఆ ప్రయాణాలు ఇంకా గుర్తున్నాయి. ఇదీ అట్లాంటిదే అనుకున్నాను.

డాలస్ నుంచి గాల్వెస్టన్ రేవుకు కారులో ఐదు గంటలు. అక్కడ ఓడ ఎక్కితే నాలుగు రాత్రులు. మధ్యలో ఒకరోజు మెక్సికోలోని కొజుమెల్ దీవి, మిగిలిందంతా సముద్రమే. మూడు వేల మందికి పైగా పట్టే ఓడ. దాని హంగులు చెప్పను. ఆ వీడియోలు మీరందరూ చూసే ఉంటారు.

నేను చెప్పాలనుకున్నది రెండోరోజు పొద్దున సంగతి.

అలవాటు ప్రకారం ఐదింటికి లేచాను. పక్క మంచం ఖాళీగా ఉంది. గుండె గుభేలుమంది. మెళ్ళో గది కార్డు వేసుకుని తలుపు తీశాను, ఏ అలారమూ మోగలేదు. లిఫ్ట్ ఎక్కి పైకి పోయాను. అక్కడ నడవడానికి ఓడ చుట్టూ బాట ఉంది. మా సారు తెల్ల బూట్లు, మఫ్లర్ వేసుకుని ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నడిచినట్టే చేతులు ఊపుకుంటూ వస్తున్నారు. నన్ను చూసి ఆగి, "కూసో, చాయ్ తెస్త" అన్నారు. పోయి రెండు కప్పులు పట్టుకొచ్చారు. "ఎవరినడిగినవ్?" అన్నాను. "ఎవరినీ అడగలే. నేనే కలుపుకున్న. ఇది రెండోది నాకు" అన్నారు. ఆ చెప్పడంలో ఎంత సంతోషం ఉందో నేను రాసి చూపలేను. సర్వీసులో ఉండగా కింద నలభై మందిని నడిపించిన మనిషి నాలుగు నెలలుగా చాయ్ కోసం కోడలు లేచే దాకా కూర్చున్నారు.

ఆ నాలుగు రోజులూ అంతే. ఆకలైతే మేమే పోయి తిన్నాం. అలసిపోతే మేమే గదికి వచ్చి పడుకున్నాం. పాటలు వినాలనిపిస్తే విన్నాం, వద్దనుకుంటే లేచి వచ్చేశాం. దారి తప్పితే గోడ మీద మ్యాపు చూసుకున్నాం. రెస్టారెంటులో మాకు వడ్డించిన గోవా అబ్బాయితో మా సారు వరంగల్ హిందీలో గంటల కొద్దీ ముచ్చట పెట్టారు. ఎన్ని నెలల కాంట్రాక్టు, ఇంటికి ఎప్పుడు పోతావు, బిడ్డ ఎంతది అని అడిగారు. అమెరికా పోయాక కొడుకు పరిచయం చేయకుండా ఆయన సొంతంగా చేసుకున్న మొదటి స్నేహం అది. కారు నడపలేని పెద్దవాళ్ళకు అమెరికాలో తమ కాళ్ళ మీద తిరిగే చోటు దొరకడం కష్టం. నాకు తెలిసినంతలో అట్లాంటి చోటు ఓడే. అందుకే అమెరికాలో ఉన్న మన పిల్లలను ఈ సంఘం పత్రికలో ఇంత ధైర్యంగా అడుగుతున్నాను: ఆరు నెలలకు అమ్మానాన్నలు వస్తే, వీలైతే, వాళ్ళను ఒక్కసారి ఓడ ఎక్కించండి. పెద్ద ఓడే, ఎక్కువ రోజులే కావాలని లేదు. మూడు నాలుగు రాత్రులు చాలు.

రెండో సంగతి, కొడుకు మాతో కూర్చున్నాడు. వాడు ఓడలో ఇంటర్నెట్ కొనలేదు. నడి సముద్రంలో మామూలు ఫోన్ సిగ్నల్ ఉండదు. రాత్రి భోజనం దగ్గర గంటన్నర సేపు వాడి చేతిలో ఫోన్ లేదు. నాలుగు నెలల్లో అంతసేపు నేను వాడి మొహం చూడలేదు. మూడోరోజు రాత్రి వాడే అడిగాడు, "అమ్మా, ఏటూరునాగారంలో మనం ఎందుకున్నం?" అని. అప్పుడు వాడికి మూడేళ్ళు. నాకు అక్కడికి ట్రాన్స్‌ఫర్ అయింది, వాడి బాపు వారానికోసారి బస్సులో వచ్చేవారు, వానాకాలంలో వాగు పొంగితే రెండు వారాలైనా వచ్చేవారు కాదు. ఇవన్నీ చెప్తుంటే మనవరాలు తినడం ఆపి విన్నది. దయచేసి ఆ ఇంటర్నెట్ ప్యాకేజీ కొనకండి. ఆఫీసు పని ఆగదంటే ఆ వారం కాకుండా ఇంకో వారం పోండి.

అన్నీ సాఫీగా జరిగాయని చెప్తే అబద్ధమవుతుంది. మొదటి రాత్రి మా సారు అన్నం సయించక రెండు ముద్దలు తిని లేచారు, షుగర్ గోళీ మాత్రం వేసుకున్నారు. నడిరాత్రి చెమటలు పట్టి, చేతులు వణికాయి. షుగర్ పడిపోయిందని నాకు అర్థమై చక్కెర నీళ్ళు తాగించాను. ఆ తర్వాత ఓడలోని డాక్టరుకు చూపించాం. మంచిగానే చూశారు, కానీ బిల్లు నేరుగా మా గది ఖాతాలో పడింది. మేము తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్సు ఓడ మీద పనికిరాదని అప్పుడు తెలిసింది. పాలసీ కాగితాలు ముందే చదివి ఉంటే ఆ టెన్షన్ ఉండేది కాదు. అమెరికా దాటాక, సముద్రం మీద కూడా పనిచేస్తుందా, ఓడ నుంచి ఆసుపత్రికి తరలించాల్సి వస్తే ఆ ఖర్చు ఇస్తారా, పాత జబ్బులకు వర్తిస్తుందా అని అడిగి, రాతలో తీసుకోండి. గోళీలు, ఇన్సులిన్ చేతిసంచిలోనే పెట్టండి. పెద్ద పెట్టెలు రేవులో ఓడవాళ్ళకు ఇస్తే గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది.

తిండి సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో వండుకున్నవి ఓడలోకి రానివ్వరు. సీల్ ఉన్న ప్యాకెట్లయితే చాలా ఓడల్లో ఒప్పుకుంటారు. రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె అసలే వద్దు, నిప్పు భయానికి తీసి పెట్టుకుంటారు. మేమెక్కిన ఓడలో మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌కు చెప్తే రెండోరోజు నుంచి పప్పు, కూర, అన్నం విడిగా చేసి పెట్టారు. మా సారు ఆ తర్వాత కడుపు నిండా తిన్నారు. ఎక్కగానే అడగాల్సిన మాటను మేము ఒక పూట ఆలస్యంగా అడిగాం, అదే పొరపాటు.

వీసా సంగతి అంతకంటే ముఖ్యం. కరీంనగర్ వాళ్ళే, మాకు తెలిసినవాళ్ళు, సియాటిల్ నుంచి అలాస్కా ఓడకు టికెట్లు కొన్నారు. అలాస్కా అమెరికాలోదే కదా అనుకున్నారు. టికెట్లు అమ్మినవాళ్ళు కూడా ఏమీ చెప్పలేదట. రేవులో పెద్దవాళ్ళ పాస్‌పోర్టులు చూసి, కెనడా వీసా లేదని ఎక్కనివ్వలేదు. ఆ తల్లి అక్కడే బెంచీ మీద కూర్చుని, "మా వల్ల పిల్లల పైసలు పోయినయ్" అని ఏడ్చిందట. దీని వెనక 1886 నాటి అమెరికా చట్టం ఒకటి ఉంది. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్యే ప్రయాణికులను తిప్పకూడదు, ఎక్కడో ఒకచోట విదేశీ రేవు తాకాలి. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండాలవే. అందుకే సియాటిల్‌లో ఎక్కే అలాస్కా ఓడ విక్టోరియాలాంటి కెనడా ఊళ్ళో కొన్ని గంటలైనా ఆగుతుంది. విజిటర్ వీసా మీద వచ్చిన మన పెద్దవాళ్ళకు అక్కడ కెనడా వీసా కావాలి. మెక్సికోకు ఆ బాధ లేదు, చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే చాలు. కానీ తిరిగి అమెరికాలోకి రావాలి కనుక ఆ వీసా మల్టిపుల్ ఎంట్రీ, అంటే ఒకటికంటే ఎక్కువసార్లు రానిచ్చేది అయి ఉండాలి. ఓడ మీద పోయొస్తే అమెరికాలో ఉండనిచ్చే ఆరు నెలల గడువు మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుందని కొందరు చెప్తుంటారు. ఆ నమ్మకం పెట్టుకోవద్దు.

ఖర్చు విషయంలో నాకు మొహమాటం లేదు. టికెట్ ధర చూసి చవక అనుకుంటారు. దాని మీద టిప్పులని మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా పడతాయి, చాలా ఓడల్లో చిన్నపిల్లలకు కూడా. రేవు పన్నులు, పార్కింగ్ వేరే. అయినా ఆరుగురు నాలుగు రోజులు హోటళ్ళలో దిగి, మూడు పూటలా బయట తింటే అయ్యేదానికి ఇది మరీ ఎక్కువేం కాదు. బట్టలు, తాగుడు, కాసినో చూసి పెద్దవాళ్ళు ఇబ్బంది పడతారని కొందరంటారు. మేము ఇబ్బంది పడలేదు. మాకు నచ్చనిచోట మేము కూర్చోలేదు.

నాకు నచ్చనిది ఇంకొకటి ఉంది, దాన్ని దాచను. పెద్దవాళ్ళను పిల్లల కాపలాకు ఓడ ఎక్కించకండి. మా పక్క గదిలో ఒక తెలుగు కుటుంబం ఉంది. కొడుకూ కోడలూ రోజూ రాత్రి ఏడింటికి షోలకు పోయేవాళ్ళు. ఆ పెద్దమ్మ ఏడాదిన్నర మనవడిని జోకొడుతూ కిటికీ లేని గదిలో కూర్చునేది. "సముద్రం చూసినవా అమ్మా?" అని అడిగితే, "తినెటప్పుడు చూసిన బిడ్డా" అన్నది. ఇంట్లో ఆరు నెలలూ చేస్తున్న పనినే ఆమె అక్కడా చేసింది. ఒక రాత్రి వాళ్ళు పిల్లాడిని చూసుకుంటే ఆమె పైకి వచ్చేది.

కొజుమెల్ గురించి పెద్దగా చెప్పేది లేదు. నీళ్ళు నీలంగా ఉన్నాయి, ఎండ మన రోహిణి ఎండే, రెండు గంటలు తిరిగి వచ్చేశాం. నాకు దానికంటే ఆ రాత్రి డెక్ మీద కూర్చున్నదే ఎక్కువ గుర్తుంది. చీకట్లో నీళ్ళు కనపడవు. ఓడ నీటిని కోసుకుంటూ పోయే చప్పుడే వినపడుతుంది. కళ్ళు మూసుకుంటే పాకాల చెరువు నిండి మత్తడి దుంకుతున్నట్టే ఉంది. ఆ మాట మా సారుతో అంటే, "నేనూ గదే అనుకుంటున్న" అన్నారు.

మనవరాలు నా శాలువాలో దూరి అడిగింది, "నానమ్మా, వరంగల్‌లో సముద్రం లేదు కదా, మీకు షిప్స్ ఎట్లా తెలుసు?" ముప్పై ఏళ్ళు క్లాసులో చెప్పిన పాఠం అది. మన ఓరుగల్లుకు సముద్రం లేదు బిడ్డా, కానీ మన రాజుకు రేవు ఉండె అని మొదలుపెట్టాను. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు. ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. అంతకుముందు రాజులు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా గుంజుకునేవాళ్ళు. గణపతిదేవుడు అట్లా చేయనన్నాడు. ముప్పై వంతుల్లో ఒక వంతు సుంకం తీసుకుంటాను, మిగిలింది మీదే, భయపడకుండా రండి అని రాయి మీద రాయించాడు. అందుకే దాన్ని అభయ శాసనం అంటారు. "అభయం అంటే?" అన్నది. "భయం వద్దని చెప్పుడు" అన్నాను. కొడుకు పక్కనే కూర్చుని వింటున్నాడు. చిన్నప్పుడు వాడికీ ఈ పాఠం చెప్పాను, మార్కుల కోసం చదివి మరిచిపోయాడు. ఈసారి వాడే తిరిగి అడిగాడు, ఆ రాయి ఇంకా ఉందా అమ్మా అని. మోటుపల్లి గుడి దగ్గరే ఉంది, ఇండియా వచ్చినప్పుడు పోదాం అన్నాను.

మొన్న దసరా ముందు మా ఆడబిడ్డ వచ్చింది. బిడ్డ దగ్గరికి మొదటిసారి అమెరికా పోతున్నది, సద్దుల బతుకమ్మ అయిన రెండోనాడే ప్రయాణం. "ఏమేం సర్దుకోవాలె వదినా?" అని అడిగింది. సకినాలు, కారంపొడి, స్వెటర్ అన్నీ చెప్పి, చివరికి జారని బూట్లు ఒక జత కొనుక్కో అన్నాను. ఎందుకన్నది. పాస్‌పోర్టు ఇటివ్వమని తీసుకుని, అద్దాలు పెట్టుకుని వీసా పేజీ చూశాను. ఎంట్రీస్ అన్నచోట 'ఎమ్', అంటే మల్టిపుల్ అని ఉంది. ఆమె బిడ్డకు అప్పుడే ఫోన్ కలిపాను.