అవగాహన అనే ఎరువు

రైతుకు అవగాహన లేదట. మొన్న ఒక సదస్సులో రెండు గంటలు కూర్చున్నాక ఈ విషయం మీద నాకు పూర్తి అవగాహన వచ్చేసింది. వానలు గతి తప్పడానికీ, భూగర్భజలం అడుగంటడానికీ కారణాలు వెతుకుతూ శాస్త్రవేత్తలు ఇన్నాళ్లూ అనవసరంగా తిప్పలు పడ్డారు. రైతుకు అవగాహన లేదు, అంతే, కేసు మూసేయొచ్చు.

నిపుణుడుగారి చేతిలో లేజర్ లైటు. తెర మీద నెర్రెలిచ్చిన నేల. ఎర్రచుక్కను ఒక నెర్రె మీద ఆపి "దీన్ని కరువు అంటారు" అని పరిచయం చేశారు. మూడేళ్లుగా దానితోనే కాపురం చేస్తున్న ముందు వరస రైతులు మర్యాదగా తలూపారు. చుక్క పక్క నెర్రె మీదికి వెళ్లింది. అదీ కరువేనట. తర్వాత ప్రశ్న: "మీ పొలానికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?" వెనక నుంచి ఓ పెద్దాయన "రావట్లేదండీ" అన్నాడు. తప్పు జవాబు. సరైనది తర్వాతి స్లైడులో ఉంది, బాణం గుర్తులతో సహా.

ప్రపంచంలో మనిషి తోడుకునే మంచినీటిలో దాదాపు 70 శాతం వ్యవసాయానికే పోతోందని ఆయన చెప్పిన తీరు చూస్తే, ఆ నీళ్లన్నీ రైతే రాత్రిపూట దొంగచాటుగా తాగేస్తున్నాడేమో అనిపించింది. మనం తినేదీ కట్టుకునేదీ ఆ లెక్కలోకి ఎందుకొస్తాయిలెండి.

వరికి ఆరుతడి మంచిదే, కాదనను. మడిలో చిల్లుల గొట్టం పాతి, నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్లు కిందికి దిగాక మళ్లీ తడి పెట్టాలి. నీళ్లూ ఆదా, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువూ తగ్గుతుంది. కానీ ఆ రోజుకు కాలువలో నీళ్లుండాలి కదా! తన వంతు మళ్లీ ఎప్పుడో తెలియనివాడు వచ్చిన రోజే గట్ల దాకా నింపుకుంటాడు. అది తెలియనితనం కాదు, భయం. నిజానికి ఆరుతడిని నిష్ఠగా పాటించింది ఐక్యరాజ్యసమితి: నీటి మీద 1977లో ఒక పెద్ద సదస్సు, అంతటిది మళ్లీ 2023లో. మధ్యలో 46 ఏళ్లు ఆరబెట్టారు.

డ్రిప్పు పెడితే నీళ్లు మిగులుతాయన్నారు. మిగిలినవాటితో ఇంకో నాలుగెకరాలు సాగులోకొస్తే వాగుకు మిగిలేది ఇసుకే. పొదుపు పెరిగితే వాడకమూ పెరుగుతుందని ఆర్థికవేత్త జెవన్స్ బొగ్గు గురించి 1865లోనే రాశాడు. పోస్టు ఇంకా అందినట్టు లేదు.

సరే, మధ్య ఆసియాలోని అరల్ సముద్రాన్ని ఎండగట్టింది ఏ రైతు? ఒకప్పుడు ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు. పత్తి కోసం 1960ల నుంచి దాన్ని నింపే ఆము దర్యా, సిర్ దర్యా నదుల నీళ్లను మళ్లించింది సోవియట్ ప్రణాళికా నిపుణులు, అందరూ బోలెడు చదివినవాళ్లే. సౌదీలో మళ్లీ ఊరని పాత భూగర్భజలం తోడి ఎడారిలో గోధుమ పండించమని డబ్బులిచ్చింది ప్రభుత్వమే, నీళ్లు తరిగాక 2016లో ఆ గోధుమలు కొనడం ఆపేసిందీ ప్రభుత్వమే. వాళ్లనెవరైనా కుర్చీల్లో కూర్చోబెట్టి లేజర్ లైటు చూపించారా? గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోస్తుంది, పడితే కుండపోత, పడకపోతే నేలలో తడంతా పీల్చేస్తుంది, ఆ గాలికింద నిలబడి ఒకే పొలంలో రెండుసార్లు విత్తనం వేసి అప్పులపాలైన మనిషికి నీటి విలువ మీరు చెప్తారా? సిగ్గుండక్కర్లేదా?

క్షమించండి, సదస్సు ఇంకా అయిపోలేదు. చివర్లో ఫారాలు పంచారు. "అవగాహన కలిగిందా? అవును / కాదు." పెద్దాయన దాన్ని చాలాసేపు చూసి, "కలిగింది గానీ సార్, కాలవకు నీళ్లెప్పుడు వదుల్తారు?" అని అడిగాడు.

అది వేరే శాఖట.