శివారు ఆయకట్టు పిల్లలు

గోదావరి డెల్టాలో పుట్టినవారికి ఆయకట్టు అనే మాటకు అర్థం చెప్పనక్కర లేదు. ఆయకట్టు అంటే నీరు పారే భూమి కాదు, నీరు పారవలసిన భూమి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేసిన నాటి నుంచి ఈ రెండింటికీ ఉన్న తేడాను మా వాళ్లు కాలువ పొడవుతో కొలుచుకుంటూ వస్తున్నారు. ఎగువ లాకుల దగ్గరివాడి చేను నీటితో తడిస్తే, కాట్రేనికోన, ఉప్పలగుప్తం వైపు శివారున ఉన్నవాడి చేను రికార్డులో తడుస్తుంది. రెండూ ఆయకట్టే కనుక నీటి తీరువా దగ్గర ప్రభుత్వం ఎవరినీ చిన్నచూపు చూడలేదు.

ఈ సూక్ష్మం తెలియక అమెరికావారు అనవసరంగా మథనపడుతున్నారు. పనికో చదువుకో వెళ్లే తల్లిదండ్రులకు పిల్లల సంరక్షణ ఖర్చులో సాయం చేయడానికి వాళ్ల కేంద్ర ప్రభుత్వం 1990లోనే చట్టం చేసుకుంది. కుటుంబ రాబడి ఆ రాష్ట్రపు మధ్యస్థ ఆదాయంలో 85 శాతం దాటకపోతే కేంద్ర నిబంధనల ప్రకారం అర్హులే. 2019వ సంవత్సరానికి లెక్క తీస్తే, అలా అర్హులైన పిల్లల్లో సాయం అందినది దాదాపు ఆరుగురిలో ఒకరికి. ఆ సాయం అక్కడ హక్కు కాదు. కేటాయించిన సొమ్ము ఉన్నంతవరకే ఇస్తారు, పైగా రాష్ట్రాలు తమ ఆదాయ పరిమితిని ఇంకా కిందికి దించుకోవచ్చు. మిగిలిన ఐదుగురి గురించి అక్కడ నివేదికలు రాసుకుంటున్నారు. మా వైపు నుంచి అనుభవజ్ఞుడైన గుమాస్తాను ఒక్కణ్ని పంపితే, ఆ ఐదుగురినీ శివారు ఆయకట్టు కింద చూపించి, మధ్యాహ్న భోజనం వేళకు ఫైలు మూసి వచ్చేవాడు.

అసలు వాళ్ల పొరపాటు లెక్క తీయడంలోనే ఉంది. అందనివారు ఎందరో తేలాలంటే ముందు అర్హులు ఎందరో తేలాలి, అర్హులు తేలాలంటే పనిచేసే తల్లులు ఎందరో తేలాలి. మా దగ్గర ఆ ప్రమాదం మొదటి మెట్టులోనే తప్పిపోయింది. నరసాపురం చుట్టుపక్కల అరుగుల మీద కూర్చుని తరాల తరబడి లేసు అల్లుతున్న ఆడవాళ్లను అడగండి. పొద్దస్తమానం సూది ఆడిస్తూనే, ఏం పని చేస్తావమ్మా అంటే, "ఏం లేదండీ, ఇంట్లోనే ఖాళీగా ఉంటున్నానండీ" అంటారు. ఖాళీగా ఉన్న మనిషికి పిల్లను చూసే మనిషి దేనికి? ఆ అల్లిక ఓడెక్కి విదేశాలకు పోతుంది గాని, అల్లిన మనిషి పనివాళ్ల పట్టీలోకి ఎక్కదు.

ఇక చట్టాలకు మనకు కరువా? 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే, పని జరిగే చోటికి తల్లుల వెంట ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురో అంతకంటే ఎక్కువో వస్తే, వారిని చూసుకోవడానికి ఆ ఆడవాళ్లలో ఒకరిని కూలి ఇచ్చి కూర్చోబెట్టాలని రాశారు. నలుగురే వస్తే ఏమిటన్నది కూడా అందులోనే ఉన్నట్టు: నలుగురూ ఒకరినొకరు చూసుకుంటారు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, యాభై మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చని చెప్పారు. కోనసీమలో ఊడుపు ముఠా అంటే పదిహేను, ఇరవై మంది. వరిచేను సంస్థ కాదు. కాబట్టి గట్టున ఉయ్యాలలో ఏడుస్తున్న బిడ్డను తల్లి నాలుగుసార్లు కాదు, నలభైసార్లు చూడవచ్చు, చట్టం అడ్డు రాదు. వంగిన నడుము ఎత్తితే మేస్త్రి అడ్డొస్తాడు, అది వేరే సంగతి.

పథకాల పేర్లు మార్చడంలోనూ మనవాళ్లు వెనకబడలేదు. 2006లో రాజీవ్ గాంధీ పేరిట ఉన్న శిశు సంరక్షణ పథకం 2017లో జాతీయ పథకమై, 2022 నుంచి పాల్నా అయింది. పాల్నా అంటే హిందీలో ఉయ్యాల, ఊగడం దాని ధర్మం. దీని కింద దేశం మొత్తానికి 17,000 అంగన్‌వాడీ కేంద్రాల్లో పసిపిల్లలను చూసుకునే ఏర్పాటు చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. దేశంలో అంగన్‌వాడీలు సుమారు పద్నాలుగు లక్షలు. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 55 వేలకు పైగా. లక్ష్యం నూటికి నూరు శాతం నెరవేరిన రోజున కూడా, ఆ కేంద్రాలన్నీ తెచ్చి మన రాష్ట్రంలోనే పెట్టినా, మూడింట ఒక వంతుకు సరిపోవు. ఇంత నిగ్రహంతో లక్ష్యం పెట్టుకోవడం తేలిక కాదు.

మూడేళ్ల లోపు బిడ్డకు ఇంటికి ఇచ్చే పౌష్టికాహారం ఉంది. 2025 జులై నుంచి దానికి ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. బురదలోంచి వచ్చిన మొహాన్ని ఫోను గుర్తుపట్టకపోతే కడుక్కుని రావాలి, అంతే. కేంద్రం ఇచ్చే మాతృ వందన సాయం తొలి కాన్పుకు 5,000 రూపాయలు, అదీ రెండు విడతల్లో. రెండో కాన్పుకు 6,000 రావాలంటే ఆడపిల్ల పుట్టాలి. ఆ తర్వాత పిల్ల ఒకటో తరగతిలో చేరితే రాష్ట్రం ఇచ్చే తల్లికి వందనం కింద 15,000 అంటారు, పాఠశాల నిర్వహణకు రెండు వేలు పోను పదమూడు వేలు చేతికొస్తాయి. మాగాణి మూడెకరాలు దాటకూడదు, కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు మించకూడదు, నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ఈ రెండు నగదు సాయాలకూ మధ్యనున్న ఐదేళ్లూ బిడ్డ గాలి భోంచేసి తనను తానే పెంచుకుంటుందని పథక రచయితల విశ్వాసం. ఆచరణలో దాన్ని పెంచేది అక్క. ఊడుపుల్లో అక్క బడి మానేసి చెల్లిని చంకనేసుకుంటుంది. హాజరు 75 శాతం ఉండాలన్న షరతు, తల్లికి వందనానికి ముందున్న అమ్మ ఒడి కాలం నుంచీ మనం వింటున్నదే కనుక, చెల్లి కోసం ఎవరూ ఇవ్వని డబ్బును అక్క పేరు మీద వచ్చేదాంట్లోంచి కోసుకోవడానికి ఇదొక మార్గం.

ఇదంతా ఇలా ఉండగా, రాష్ట్రంలో సంతాన రేటు, అంటే ఒక్కో ఆడమనిషి సగటున కనే పిల్లల సంఖ్య, 1.7కు పడిపోయిందని పెద్దలు బెంగపెట్టుకున్నారు. ఎక్కువమందిని కనండి అని ముఖ్యమంత్రి పిలుపునిచ్చారు. 2024 నవంబరులో ఇద్దరు పిల్లల నిబంధనను స్థానిక ఎన్నికల నుంచి శాసనసభ తొలగించింది. మూడో బిడ్డ పుట్టినా ఇప్పుడు సర్పంచిగా పోటీ చేయవచ్చు. ప్రచారానికి తిరిగేటప్పుడు ఆ మూడో బిడ్డను ఎవరు ఎత్తుకుంటారో బిల్లులో లేదు. 2011లో గిట్టుబాటు కాక కోనసీమ రైతులు పంట విరామం ప్రకటిస్తే దేశమంతా వచ్చి చూసింది. ఆడవాళ్లు ఏ ప్రకటనా లేకుండా ఇంకో విరామం ఎప్పుడో మొదలుపెట్టారని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

కనుక నా మనవి ఒక్కటే. సాయాన్ని పంచడం కష్టం గాని అర్హతను పంచడం సులువు. అర్హతనే ఒక పథకంగా ప్రకటించి, ప్రతి తల్లికీ రంగు కాగితం మీద పత్రం ఇస్తే నూటికి నూరు మందికీ అందుతుంది. అమెరికా ఆరింట ఒకటి దగ్గరే ఉండిపోతుంది. ఈ ఆలోచనను మొన్న మా శివారు గ్రామంలో, ఏడాదిన్నర పిల్లను చీర ఉయ్యాలలో వేసి నారు కట్టలు అందుకుంటున్న ఒక ఊడుపు కూలీకి వినిపించాను.

"మీకు అర్హత ఉందమ్మా," అన్నాను.

"ఆయ్, ఉంటే మంచిదేనండి," అంది. "అది పొద్దున్న ఆరింటికి వచ్చేత్తాదా అండి? మేం అప్పటికే చేలో దిగిపోవాలండి."